సబ్బులో నూనె మారిస్తే కాస్టిక్ లెక్క మార్చాలి
(ఇంటి దగ్గర సబ్బులు తయారుచేసే స్వయం సహాయక సంఘ సభ్యులకు వివరణ పత్రం)



ఈ పత్రం ఎవరి కోసం?

సంఘం లోనుతో గానీ, బ్యాంకు లింకేజీ లోనుతో గానీ, పీఎంఈజీపీ సబ్సిడీతో గానీ సబ్బుల తయారీ మొదలుపెట్టిన వాళ్ళ కోసం. పొయ్యి మీద పెట్టకుండా నూనెలో కాస్టిక్ నీళ్ళు కలిపి, అచ్చులో పోసి, ఆరబెట్టి అమ్మే ఒంటి సబ్బుల గురించే ఇందులో చెప్పాం. రెడీమేడ్ సబ్బు బేస్ కరిగించి అచ్చు పోసేవాళ్ళకు ఈ కాస్టిక్ లెక్క అవసరం లేదు. కానీ కలిపే పదార్థాలు, లేబుల్ గురించి చెప్పిన భాగాలు వాళ్ళకూ పనికొస్తాయి.

శిక్షణలో మీకు ఒక కొలత రాసిచ్చి ఉంటారు. ఆ కొలత ప్రకారం చేసినంత కాలం ఇబ్బంది ఉండదు. ఇబ్బంది వచ్చేది కొలత మార్చినప్పుడు. కొబ్బరి నూనె ధర పెరిగిందనో, తవుడు నూనె దొరకలేదనో, కొనేవాళ్ళు పసుపు సబ్బు అడిగారనో మారుస్తాం. ఎలా మార్చాలో తెలిస్తే ఖర్చు తగ్గుతుంది. తెలియకుండా మారిస్తే కొన్నవాళ్ళ ఒళ్ళు మండుతుంది, సరుకు వెనక్కి వస్తుంది, సంఘం పేరు పోతుంది. లోను కిస్తీ మాత్రం కట్టాల్సిందే.

ఒక్క మాటలో చెప్పాలంటే

కూరలో ఒక నూనె బదులు ఇంకో నూనె పోస్తే రుచి మారుతుంది, అంతే. సబ్బులో మారిస్తే కాస్టిక్ లెక్కే మారిపోతుంది. అందుకే నూనె మార్చిన ప్రతిసారీ, ఎంత కొంచెం మార్చినా, కాస్టిక్ మళ్ళీ లెక్క కట్టాలి.

1. ఎందుకు మారాలి?

నూనె, కాస్టిక్ సోడా కలిసి రెండూ మాయమై సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. ప్రతి నూనె తనకు సరిపడా కాస్టిక్‌నే తీసుకుంటుంది. కొబ్బరి నూనె ఎక్కువ తీసుకుంటుంది. ఆముదం తక్కువ తీసుకుంటుంది. నూనె తీసుకోగా మిగిలిపోయిన కాస్టిక్ సబ్బులోనే ఉండిపోతుంది. ఒంటిని మండించేది అదే.

అందుకని మనం కాస్టిక్‌ను పూర్తి లెక్క కంటే 5 శాతం తక్కువ వేస్తాం. అప్పుడు కొంచెం నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది. దీన్ని 'మిగులు నూనె' అందాం. ఇది చర్మానికి మెత్తదనం ఇస్తుంది. కాటాలో ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అయినా కాపాడుతుంది.

2. ఏ నూనెకు ఎంత కాస్టిక్?

100 గ్రాముల నూనె పూర్తిగా సబ్బు కావడానికి కావలసిన కాస్టిక్ సోడా (సగటు లెక్క):

- కొబ్బరి నూనె – 18.3 గ్రాములు
- పామాయిల్ – 14.2 గ్రాములు
- వేప నూనె – 13.9 గ్రాములు
- వేరుశనగ నూనె – 13.6 గ్రాములు
- నువ్వుల నూనె – 13.4 గ్రాములు
- పొద్దుతిరుగుడు నూనె – 13.4 గ్రాములు
- తవుడు నూనె – 13.3 గ్రాములు
- ఆముదం – 12.8 గ్రాములు

ఈ పట్టికను కాగితం మీద రాసి, సబ్బులు చేసే గదిలో గోడకు అంటించండి. చూడండి, కొబ్బరి నూనె ఒక్కటే మిగతా అన్నిటికీ దూరంగా ఉంది. కొబ్బరి నూనెను తగ్గించినా పెంచినా లెక్క బాగా మారుతుంది. తవుడు నూనె బదులు నువ్వుల నూనె వేస్తే పెద్దగా మారదు. అయినా లెక్క కట్టడం మానకండి.

ఈ అంకెలు కాస్టిక్ సోడాకు మాత్రమే. ద్రవ సబ్బుకు వాడే కాస్టిక్ పొటాష్‌కు లెక్క వేరు. ఒకదాని బదులు ఇంకొకటి వాడకండి.

3. లెక్క కట్టే పద్ధతి

మొత్తం నూనె ఒక కిలో ఉన్న వాయిని ఉదాహరణగా తీసుకుందాం.

మొదటి మెట్టు: నూనెలన్నీ గ్రాముల్లో రాయండి.
కొబ్బరి 400, పామాయిల్ 300, తవుడు నూనె 250, ఆముదం 50. మొత్తం 1000 గ్రాములు.

రెండో మెట్టు: ఒక్కో నూనెకు కాస్టిక్ కట్టండి. (నూనె గ్రాములను 100తో భాగించి, పట్టికలోని అంకెతో గుణించాలి.)
- కొబ్బరి: 4 × 18.3 = 73.2
- పామాయిల్: 3 × 14.2 = 42.6
- తవుడు: 2.5 × 13.3 = 33.3
- ఆముదం: 0.5 × 12.8 = 6.4

మూడో మెట్టు: అన్నీ కూడండి. 155.5 గ్రాములు.

నాలుగో మెట్టు: 5 శాతం తీసెయ్యండి. 155.5లో 5 శాతం అంటే 7.8. మిగిలేది 147.7. చివర ఉన్న పాయింటు అంకె వదిలేసి 147 గ్రాములు తూకం వెయ్యండి. ఎప్పుడూ కిందికే వదలాలి, పైకి పెంచకూడదు.

అయిదో మెట్టు: నీళ్ళు కాస్టిక్‌కు రెట్టింపు. 294 గ్రాములు.

సెల్‌ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు. ఒకరు కట్టిన లెక్కను ఇంకొక సభ్యురాలు విడిగా కట్టి చూడాలి. ఇద్దరికీ ఒకే అంకె వస్తేనే కాస్టిక్ డబ్బా మూత తియ్యండి.

తూకం గురించి ముఖ్యమైన మాట: నూనెను లీటర్లలో కొలవకండి. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 నుంచి 920 గ్రాములే ఉంటుంది. ప్యాకెట్ మీద రాసింది చూసినా తెలుస్తుంది. లీటరును కిలో అనుకుని కాస్టిక్ వేస్తే, మనం ఉంచుకున్న 5 శాతం మిగులు పోవడమే కాదు, కాస్టిక్కే ఎక్కువైపోతుంది. గ్లాసులు, చెంచాల కొలత కాస్టిక్‌కు అసలే పనికిరాదు. ఒక గ్రాము తేడా చూపించే ఎలక్ట్రానిక్ కాటా తప్పనిసరి.

చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకడుతుంది. పైపైన తీసి తూచకండి. మొత్తం కరిగించి, కలిపి, అప్పుడు తూచండి.

4. లెక్క మార్చకుండా నూనె మారిస్తే ఏమవుతుంది?

పైన చెప్పిన వాయినే మూడు రకాలుగా మార్చి చూద్దాం. మూడింటిలోనూ కాస్టిక్ పాత లెక్క ప్రకారం 147 గ్రాములే వేశారనుకోండి.

(అ) కొబ్బరి 400 నుంచి 200కు తగ్గించి, ఆ 200 పామాయిల్‌లో కలిపారు. ఇప్పుడు నూనెలు పూర్తిగా తీసుకోగలిగిన కాస్టిక్ 147.3 గ్రాములు. మీరు వేసింది 147. అంటే మిగులు నూనె ఏమీ లేదు. కాటా ఒక్క గ్రాము తప్పు చూపినా సబ్బు మండుతుంది. సరైన లెక్క: 139 గ్రాములు.

(ఆ) కొబ్బరి పూర్తిగా మానేసి, 400 గ్రాములూ పామాయిల్ వేశారు. నూనెలు తీసుకోగలిగింది 139.1 గ్రాములే. వేసింది 147. దాదాపు 8 గ్రాముల కాస్టిక్ సబ్బులో మిగిలిపోయింది. ఇది ఒంటికి వాడదగ్గ సబ్బు కాదు. సరైన లెక్క: 132 గ్రాములు.

(ఇ) కొబ్బరి చవకగా దొరికిందని పామాయిల్ మానేసి కొబ్బరి 700 చేశారు. ఇప్పుడు 167.8 గ్రాములు కావాలి. వేసింది 147. సుమారు 12 శాతం నూనె మిగిలిపోయింది. ఈ సబ్బు మండదు. కానీ జిడ్డుగా ఉంటుంది, త్వరగా పాత నూనె వాసన కొడుతుంది. 5 శాతం మిగులుకు సరైన లెక్క: 159 గ్రాములు.

రంగులో, వాసనలో ఈ మూడు సబ్బులూ మొదటిరోజు బాగానే కనబడతాయి. కంటితో చూసి తేడా చెప్పలేం. లెక్క ఒక్కటే చెబుతుంది.

5. ఏ నూనె ఏ గుణం ఇస్తుంది?

కాస్టిక్ సరిపోయినంత మాత్రాన సబ్బు మంచిదవదు. నూనెల పాలు కూడా కుదరాలి.

కొబ్బరి నూనె: గట్టిదనం, బాగా నురగ. ఉప్పు నీళ్ళ బోర్ల ఊళ్ళలో కూడా నురగ వస్తుంది. ఎక్కువైతే చర్మం పొడిబారుతుంది. మొత్తం నూనెలో 25 నుంచి 40 శాతం మంచిది. అంతకు మించి వేస్తే మిగులు నూనెను కూడా పెంచాలి. ఒక్క కొబ్బరి నూనెతోనే చేసే సబ్బుకు 15 నుంచి 20 శాతం మిగులు ఉంచుతారు.

పామాయిల్: గట్టిదనం, ఎక్కువ రోజులు అరగకపోవడం. నురగ తక్కువ. 30 నుంచి 50 శాతం వేసుకోవచ్చు. బజారులో ప్యాకెట్లలో పామాయిల్ అని దొరికేది ఎక్కువగా పామోలిన్. కాస్టిక్ లెక్క దాదాపు ఒకటే. గట్టిదనం మాత్రం కొంచెం తక్కువ.

తవుడు, నువ్వులు, వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు: మెత్తదనం ఇస్తాయి. ఇవన్నీ కలిపి 30 శాతం దాటితే సబ్బు త్వరగా గట్టిపడదు, సబ్బు పెట్టెలో నానిపోతుంది. పొద్దుతిరుగుడు నూనె మరీ ఎక్కువైతే నిల్వలో నారింజ రంగు చుక్కలు వస్తాయి. నూనె పాడవుతోందని దానర్థం.

ఆముదం: నురగ నిలబడేలా చేస్తుంది. 5 శాతం చాలు. 10 శాతం దాటితే సబ్బు జిగురుగా ఉంటుంది.

వేప నూనె: కొనేవాళ్ళు అడుగుతారు. కానీ వాసన ఘాటు, ఆరినా పూర్తిగా పోదు. 5 నుంచి 10 శాతంతో మొదలుపెట్టండి.

ఏ నూనె వద్దు? బజ్జీలు, గారెలు వేయించిన నూనె ఒంటి సబ్బుకు వద్దు. కల్తీ అనుమానం ఉన్న లూజు నూనె కూడా వద్దు. అందులో ఏమేం కలిశాయో తెలియనప్పుడు ఏ అంకెతో గుణించాలో కూడా తెలియదు.

6. ధర కోసం మార్చేటప్పుడు

కొబ్బరి నూనె కిలో 350 రూపాయలు, పామాయిల్ కిలో 150 రూపాయలు అనుకుందాం. (ఇవి ఉదాహరణ ధరలు. మీ ఊరి ధర వేసుకోండి.) కిలో నూనె వాయిలో 200 గ్రాముల కొబ్బరి బదులు పామాయిల్ వేస్తే 40 రూపాయలు మిగులుతాయి. ఒక వాయికి ఆరిన తర్వాత 100 గ్రాముల సబ్బులు సుమారు 12 వస్తాయి. అంటే సబ్బుకు మూడు రూపాయల పైచిలుకు ఆదా.

ఆదా మంచిదే. కానీ నురగ తగ్గిందని కొనేవాళ్ళు అనకూడదు. అందుకే కొబ్బరిని ఒకేసారి సగానికి తగ్గించకుండా, ముందు 300కు తగ్గించి అర కిలో వాయి చేసి చూడండి. నలుగురు సభ్యులు ఇంట్లో వాడి చెప్పాక పెద్ద వాయి చెయ్యండి. ఒకసారి ఒక్కటే మార్చండి. నూనె, రంగు, సెంటు మూడూ ఒకేసారి మారిస్తే, సబ్బు బాగున్నా బాగోకపోయినా కారణం ఏదో తెలియదు.

7. కలిపే పదార్థాలు: ఏది, ఎంత, ఎప్పుడు?

కింది కొలతలన్నీ కిలో నూనె వాయికి.

పసుపు: అర టీ చెంచా నుంచి ఒక చెంచా. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయి కదా, కాస్టిక్‌లో కూడా అంతే. కలిపిన వెంటనే ఎరుపెక్కుతుంది. భయపడకండి. ఆరేకొద్దీ నారింజ, పసుపు రంగుల్లోకి దిగుతుంది. వెలుతురు తగిలితే వెలిసిపోతుంది. ఎక్కువ వేస్తే తువ్వాళ్ళకు మరకలు పడతాయి.

శనగపిండి, పెసరపిండి: ఒకటి రెండు పెద్ద చెంచాలు. ముందే కొంచెం నూనెలో ఉండలు లేకుండా కలిపి, సబ్బు దోసెపిండిలా చిక్కబడ్డప్పుడు వెయ్యండి. సున్నిపిండి సబ్బు అని గుప్పెళ్ళతో పోస్తే సబ్బు పొడిపొడిగా రాలిపోతుంది, నురగ రాదు.

ముల్తానీ మట్టి: ఒక పెద్ద చెంచా. నీళ్ళను పీల్చుకుని సబ్బును తొందరగా చిక్కబరుస్తుంది. ముందే కొంచెం నీళ్ళలో నానబెట్టి వెయ్యండి. ఆ నీళ్ళను మొత్తం నీళ్ళ లెక్కలోంచి తీసెయ్యండి.

కలబంద గుజ్జు, పాలు, కుంకుడు రసం: ఇవి నీళ్ళ బదులు వేసేవి, నీళ్ళకు అదనంగా వేసేవి కావు. పద్ధతి ఇది: 294 గ్రాముల నీళ్ళలో సగం, అంటే 147 గ్రాముల నీళ్ళలో కాస్టిక్ కరిగించండి. మిగతా 147 గ్రాముల బదులు చల్లటి పాలు గానీ, వడగట్టిన కలబంద రసం గానీ నూనెలో కలపండి. వేడి కాస్టిక్ నీళ్ళలో పాలు నేరుగా పోస్తే మాడి, గోధుమ రంగుకు తిరిగి, ఘాటు వాసన వస్తుంది. కాస్టిక్ కరగడానికి కనీసం దాని బరువంత నీళ్ళు ఉండాలి. అంతకంటే తగ్గించకండి.

బెల్లం, పంచదార, తేనె: ఒక టీ చెంచా. నురగ పెరుగుతుంది. కానీ సబ్బు లోపల బాగా వేడెక్కుతుంది. అచ్చు మీద దుప్పటి కప్పకండి. ఎక్కువైతే సబ్బు మధ్యలో పొంగి పగులుతుంది.

ఉప్పు: 10 గ్రాములు, కాస్టిక్ వెయ్యక ముందే నీళ్ళలో పూర్తిగా కరిగించాలి. అచ్చులోంచి సబ్బు త్వరగా వస్తుంది. ఎక్కువైతే నురగ చచ్చిపోతుంది.

వేపాకు, తులసి, మందారం: పచ్చి ఆకు ముద్ద వెయ్యకండి. నల్లబడుతుంది, బూజు పట్టవచ్చు. నీడన ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి, జల్లించి ఒకటి రెండు టీ చెంచాలు వెయ్యండి. పచ్చటి రంగు కొన్ని వారాల్లో గోధుమ రంగుకు తిరగడం మామూలే.

సెంటు, సువాసన తైలాలు: 20 గ్రాములతో మొదలుపెట్టండి. 30 దాటకండి. అన్నిటికంటే చివర వెయ్యాలి. లవంగ నూనె, దాల్చిన చెక్క నూనె చర్మాన్ని మండిస్తాయి, సబ్బును గిన్నెలోనే గడ్డకట్టిస్తాయి. వాటికి దూరంగా ఉండటం మేలు.

నిమ్మరసం, నిమ్మ ఉప్పు: పులుపు కాస్టిక్‌ను తినేస్తుంది. 10 గ్రాముల నిమ్మ ఉప్పు 6 గ్రాములకు పైగా కాస్టిక్‌ను తీసుకుంటుంది. ఆ మేరకు నూనె సబ్బు కాకుండా మిగిలి సబ్బు జిడ్డుగా వస్తుంది. నిమ్మ సబ్బు కావాలంటే రసం బదులు ఎండిన తొక్కల పొడి వెయ్యండి.

ఇవి అసలు వద్దు: హోలీ రంగులు, ముగ్గు రంగులు, బట్టల రంగులు, అగరుబత్తీల సెంటు, కర్పూరం ముద్దలు. ఒంటికి వాడదగ్గవని ప్యాకెట్ మీద రాసి ఉన్న రంగులు, సెంట్లే కొనండి. బిల్లు దాచుకోండి.

8. కాస్టిక్‌తో జాగ్రత్తలు

- కాస్టిక్‌ను నీళ్ళలో వెయ్యాలి, కొంచెం కొంచెంగా. కాస్టిక్ మీద నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే ఒక్కసారిగా కాగి ముఖం మీదికి చిమ్ముతుంది.
- స్టీలు గిన్నె గానీ, వేడికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్ గిన్నె గానీ వాడండి. సిల్వర్ గిన్నె, అంటే అల్యూమినియం, వద్దే వద్దు. కాస్టిక్ దాన్ని తినేస్తూ మండే గుణమున్న వాయువును వదులుతుంది.
- రబ్బరు చేతొడుగులు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల జాకెట్టు లేదా చొక్కా, కాళ్ళకు చెప్పులు. కొంగు బిగించి దోపుకోండి.
- కిటికీ తీసి ఉంచండి. ఆవిరి పీల్చకండి. పిల్లల్ని, కోళ్ళని, పశువుల్ని ఆ చాయలకు రానివ్వకండి.
- కాస్టిక్ నీళ్ళను, నూనెను గోరువెచ్చగా, సుమారు 40 నుంచి 45 డిగ్రీలకు చల్లారాకే కలపండి.
- కాస్టిక్‌ను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, పేరు రాసి, తాళం వేసి ఉంచండి. తెరిచి ఉంచితే గాలిలోని తేమ పట్టి బలం తగ్గుతుంది. అప్పుడు మీ లెక్క కూడా తప్పుతుంది. కలిపిన కాస్టిక్ నీళ్ళను మంచినీళ్ళ సీసాలో పెట్టకండి. ఎవరో ఒకరు తాగేస్తారు.

ఒంటి మీద పడితే: తడిసిన బట్ట తీసేసి, పారే నీళ్ళతో కనీసం 20 నిమిషాలు కడగండి. నిమ్మరసం, వెనిగర్ రాయకండి. కంట్లో పడితే ఆపకుండా నీళ్ళతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మింగితే నోరు పుక్కిలించాలి. వాంతి చేయించకూడదు. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

9. అమ్మే ముందు పరీక్ష

సబ్బు కోసిన తర్వాత లోపల తెల్లటి రవ్వలు, నీటి చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ వాయిని పక్కన పెట్టండి.

గాలి తగిలే నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టండి. వర్షాకాలంలో ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఆరడం వల్ల నీళ్ళు పోయి సబ్బు గట్టిపడుతుంది. కానీ ఒక సంగతి: లెక్క తప్పి కాస్టిక్ ఎక్కువైన సబ్బు, ఎన్ని వారాలు ఆరబెట్టినా మంచి సబ్బు అవుతుందని నమ్మకం పెట్టుకోకండి.

ఆరాక, సబ్బు మీద నాలుగు చుక్కల శుభ్రమైన నీళ్ళు వేసి రుద్ది, ఆ నురగకు పీహెచ్ కాగితం తాకించండి. 9 నుంచి 10 వస్తే మామూలే. 11 గానీ అంతకంటే పైన గానీ వస్తే అమ్మకండి. నాలుకతో చూసే పాత పద్ధతి వద్దు.

పాడైన వాయిని బాగుచెయ్యవచ్చా? ఏమేం ఎంతెంత వేశారో రాసి ఉంటే చెయ్యవచ్చు. పైన (ఆ)లో చెప్పిన వాయినే తీసుకుందాం. వేసిన కాస్టిక్ 147. దానికి 5 శాతం మిగులుతో సరిపోవాలంటే నూనెలు 154.7 గ్రాముల కాస్టిక్‌ను తీసుకోగలగాలి. ఉన్న నూనెలు తీసుకునేది 139.1. తేడా 15.6. పామాయిల్‌తో పూడ్చాలంటే 15.6ను 14.2తో భాగించి 100తో గుణించాలి. 110 గ్రాములు వస్తుంది. చేతొడుగులు వేసుకుని సబ్బును తురిమి, కొంచెం నీళ్ళు చల్లి, స్టీలు గిన్నెలో సన్న సెగ మీద కరిగించి, ఆ 110 గ్రాముల పామాయిల్ కలిపి, ముద్దగా అయ్యాక మళ్ళీ అచ్చులో పొయ్యండి. ఆరాక మళ్ళీ పరీక్ష చెయ్యండి. సబ్బు అందంగా రాకపోవచ్చు, కానీ పెట్టుబడి మట్టిపాలు కాదు.

10. వాయి పుస్తకం

ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతి వాయికి ఇవి రాయండి: తేదీ, వాయి నంబరు, ఒక్కో నూనె గ్రాములు, కాస్టిక్ లెక్క, తూచిన కాస్టిక్, నీళ్ళు, కలిపిన పదార్థాలు, లెక్క కట్టిన ఇద్దరి సంతకాలు, పీహెచ్ ఫలితం, ఆరాక సబ్బు బరువు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏ వాయిలో తేడా వచ్చిందో పది నిమిషాల్లో తెలుస్తుంది. అన్ని సబ్బులూ వెనక్కి తెప్పించే పని తప్పుతుంది.

11. కొలత మారితే లేబుల్ కూడా మారాలి

ఒంటి సబ్బు చట్టం ప్రకారం సౌందర్య సాధనం కిందికి వస్తుంది. అమ్మకానికి తయారుచెయ్యాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు తీసుకోవాలి. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, వాయి నంబరు, తయారైన నెల, ఎప్పటిలోగా వాడాలి, వాడిన పదార్థాలు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ధర ఉండాలి.

- నువ్వుల నూనె మానేసి పామాయిల్ వేస్తే, పాత లేబుళ్ళు మిగిలాయి కదా అని అవే అంటించకండి. లేబుల్ మీద ఉన్నదే సబ్బులో ఉండాలి.
- బరువు ఆరిన తర్వాత తూచి వెయ్యండి. అచ్చు పోసిన రోజు 110 గ్రాములున్న సబ్బు ఆరాక 100కు పడిపోవచ్చు.
- వేప సబ్బు అని రాయవచ్చు. కానీ గజ్జి, తామర, మచ్చలు తగ్గుతాయని రాయకూడదు. రోగం తగ్గిస్తుందని చెబితే అది మందు కిందికి వస్తుంది, దానికి చట్టం వేరు.

12. సభ్యులు అడిగే ప్రశ్నలు

కాస్టిక్ అసలు లేకుండా సబ్బు చెయ్యలేమా?
నూనె నుంచి సబ్బు కావాలంటే కాస్టిక్ లాంటి క్షారం ఉండాల్సిందే. లెక్క సరిగ్గా ఉంటే తయారైన సబ్బులో అది మిగలదు. కాస్టిక్ పట్టుకోవడానికే భయమైతే రెడీమేడ్ బేస్‌తో మొదలుపెట్టండి.

భద్రత కోసం మిగులు నూనె 5 బదులు 15 శాతం ఉంచితే?
పామాయిల్, తవుడు నూనె ఎక్కువున్న వాయిలో అంత ఉంచితే సబ్బు మెత్తగా, జిడ్డుగా వస్తుంది. నిల్వ ఉండదు. 5 నుంచి 8 శాతం చాలు.

షాపు సబ్బుల మీద టీఎఫ్ఎం 76 శాతం అని ఉంటుంది. మనమూ వేసుకోవచ్చా?
అది సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం లెక్క. ప్రయోగశాలలో పరీక్ష చేయించి, వచ్చిన అంకెనే వెయ్యాలి. పక్క సబ్బు మీద చూసి వెయ్యకూడదు.

రెండు కిలోల వాయి చేస్తే అన్నీ రెట్టింపు చెయ్యవచ్చా?
నూనెలు, కాస్టిక్, నీళ్ళు అన్నీ రెట్టింపు చెయ్యవచ్చు. కానీ పెద్ద వాయి ఎక్కువ వేడెక్కుతుంది. పాలు, బెల్లం వేసినప్పుడు చిన్న అచ్చుల్లో పొయ్యండి.

గుర్తుంచుకోండి

1. నూనె మారితే కాస్టిక్ లెక్క మారుతుంది.
2. లీటర్లు కాదు, గ్రాములు.
3. ఇద్దరు విడివిడిగా లెక్క కట్టాలి.
4. ఒకసారి ఒక్కటే మార్చాలి. ముందు అర కిలో వాయి.
5. పీహెచ్ 11 గానీ అంతకు పైన గానీ ఉంటే అమ్మకూడదు.
6. కొలత మారితే లేబుల్ మారాలి.

లెక్క కట్టడం అలవాటు కాని సభ్యులు ఎవరైనా ఉంటే, సంఘం సమావేశం రోజు పైన ఉన్న ఉదాహరణను అందరూ కలిసి ఒకసారి కట్టి చూడండి. 147 వచ్చేదాకా కట్టండి. శిక్షణ, లోను, లైసెన్సు దరఖాస్తుల గురించి మీ గ్రామ సంఘం యానిమేటర్‌ను, మండల సమాఖ్యలో ఏపీఎంను, లేదా జిల్లాలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థను అడగండి. ఈ పత్రాన్ని మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పంపండి. ఫోను లేని సభ్యురాలికి చదివి వినిపించండి.